మన సభ పేరున ఓ కుర్చీ

కన్నమ్మ జెనీవాలోని ఐక్యరాజ్యసమితి సభామందిరంలోకి వచ్చేసరికి, మూడు నెలల క్రితం చనిపోయిన ఊరిపెద్ద జోగయ్య తాత అక్కడే ఉన్నాడు. భుజాన తువ్వాలుతో, కాళ్లకు బురదతో, కుర్చీల వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్క పేరుపలకనూ వేలితో తడుముతున్నాడు. చదువు రాదు తాతకి. మందిరం కాసేపు మందిరంలా, కాసేపు ఇప్పచెట్ల నీడలా ఉంది, అది ఎవరికీ వింతగా లేదు.

"ఇందులో మనది ఏదమ్మా?"

"ఇవన్నీ దేశాలవి తాతా."

"మన అడివిని, మన తగువుల్ని మన ఇరవై ఒక్క కోయ ఊళ్ల సభే ఏలుకుంటంది, ఆ సభ పేరునే ఓ కుర్చీ కావాలని వేలిముద్రలేసి పంపినం గదా. చెప్పినవా?"

ఆ ఊళ్లన్నిటిలో లా చదివింది కన్నమ్మ ఒక్కతే. ఆ రోజు తలుపు దగ్గర నింపమని ఇచ్చిన కాగితంలో ఊరి సభలకు గడి లేదు. ఎవరిదో స్వచ్ఛంద సంస్థ పేరు రాసి లోపలికొచ్చింది. మాట్లాడే ముందు ఆ సంస్థ మనిషొకాయన కుర్చీ అడిగే వాక్యాన్ని కొట్టేసి, ఇది అడిగితే మైకు ఇవ్వరంటే, తలూపి, అడవి గురించీ ఆకలి గురించీ రెండు నిమిషాలు చదివి వచ్చేసింది. ఆ సాయంత్రం ఫోన్లో తాతకి, "చెప్పాను తాతా, అందరూ విన్నారు" అంది.

"నువ్వు చెప్పినవని ఊరూరా తిరిగి చెప్పిన," అంటున్నాడు తాత, గొంతులో కోపం లేకుండా. "పోయేటప్పుడు గూడ అదే చెప్పి పోయిన."

"భయమేసింది తాతా. బయటికి పంపేస్తారని..."

"పంపితే ఏమాయె? మన పేరుతోనే బయట నిలబడేదానివి." నీడ ఆయన ముఖం మీదుగా కదిలి వెళ్తోంది. "నా సంగతి సరే. ముద్రలేసినోళ్లు బతికే ఉన్నరు. వాళ్లకేం చెప్తవ్?"

ఆమె వంగి, తనూ ఒక్కొక్క పేరుపలకనూ వెతుకుతోంది.

"అమ్మా, టికెట్!"

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నపు ఎండ బస్సు కిటికీలోంచి ముఖాన కొడుతోంది. ఈ రోజు ఊళ్లో పెద్దల సభ. జెనీవాలో ఏం జరిగిందో వచ్చి చెప్పమన్నారు. కన్నమ్మ ఊరి పేరు చెప్పింది. కండక్టర్ మిషన్‌లో రెండుసార్లు వెతికాడు.

"మీ ఊరు ఇందులో లేదమ్మా. తర్వాతి ఊరి పేరున కొడతా, సరేనా?"

"సరే" అనేసింది. అన్నాక, మళ్లీ వేరే పేరే ఉన్న ఆ చీటీ చేత్తో పట్టుకుని, చాలాసేపు తల ఎత్తలేకపోయింది.