తవుడు జాడీ

శామీర్‌పేట దారిలో ఒక చిన్న ల్యాబు ఉండేది. మేడ్చల్ రైసు మిల్లుల తవుడు అక్కడికి వచ్చేది. తవుడంటే గేదెల కుడితిలో కలిపేదే కదా అంటారేమో. నిజమే. కానీ అందులో ఒక పదార్థం దాగి ఉంటుంది. దాన్ని వేరుచేసి గాజు జాడీలో పోసి, కంటికి కనబడని సూక్ష్మజీవుల్ని వదిలితే, అవి తిని తిని వనిల్లా వాసనగా మారుస్తాయి. ఐస్‌క్రీములో మనం ఇష్టపడే వాసన అదే.

ఆ జాడీకి అబద్ధం పడేది కాదు. దగ్గర్లో ఎవరైనా ఆడితే పులిసిపోయేది. అందుకే "బయల్దేరిపోయానండీ" అని ఇంటికి ఫోను చెయ్యాలంటే, ల్యాబు నడిపే కామేశ్వరిగారు కూడా సెల్లు పట్టుకుని వరండాలోకి నడిచేవారు.

జాడీల పని చూసేది సృజన. తండ్రి కుర్మయ్య మేడ్చల్ మిల్లులో హమాలీ. చేరేటప్పుడు మాత్రం "మా నాన్న హెడ్మాస్టరు" అంది. ఆఫీసు గదిలో చెప్పింది కాబట్టి జాడీకి వినబడలేదు.

ఐస్‌క్రీము కంపెనీవాళ్ళు వాసన చూడ్డానికి వచ్చిన రోజు అది. వాళ్ళకు నచ్చితే సృజన ఉద్యోగం పర్మినెంటు. సరిగ్గా ఆ రోజే మిల్లు ఆటో చెడిపోయి, సేటు తవుడు సంచిని కుర్మయ్య మోపెడ్ మీద పంపించాడు. కనుబొమల దాకా తవుడుతో, భుజాన సంచితో, ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, యాడ దించాలె?"

ఆ ప్రాంతంలో పెద్దవాళ్ళు ఏ ఆడపిల్లనైనా అలాగే పిలుస్తారు.

"ఎవరమ్మా?" అన్నారు కామేశ్వరిగారు.

"మిల్లు హమాలీ అనుకుంటా మేడమ్. నాకు తెలీదు."

జాడీ బుస్సున పొంగింది. గదినిండా కుడితి కంపు. వచ్చినవాళ్ళు ముక్కులకు జేబురుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమయ్యా, నిజం చెప్పు. ఈ పిల్ల నీకు తెలుసా?" కామేశ్వరిగారు గుమ్మం వైపు తిరిగారు.

కుర్మయ్య కూతురి వైపు చూశాడు. ఆమె కళ్ళు బతిమాలుతున్నాయి. భుజం మీది సంచి దించి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"లేదమ్మా. గీ పిల్ల ఎవలో నాకు తెల్వది."

అందరి ముక్కులూ జాడీ మీదికి వంగాయి. ఇంకోసారి పొంగిందా, అంతా అయిపోయినట్టే. సృజన కళ్ళు మూసుకుంది.

నురగ అణిగింది. పులుపు పోయింది. వనిల్లా వాసన ఎన్నడూ లేనంత కమ్మగా లేచింది.

"మీ రోడ్డు బాగుందన్నాను, ఇందాక పులిసింది దానికే అయ్యుంటుంది లెండి!" అని, జాడీ సంగతి ముందే విన్న కంపెనీ ఆయన ఒకాయన నవ్వాడు. అందరూ నవ్వారు.

సృజన మాత్రం నవ్వలేదు. తండ్రి 'తెల్వది' అన్నది నిజమేనని జాడీ ఒప్పుకుంది మరి.

గేటు దగ్గరికి పరుగెత్తింది. "నాయినా!"

కుర్మయ్య మోపెడ్ స్టార్టు చేస్తూ తిరిగాడు. "చెప్పున్రి మేడమ్."

ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేది.

లోపలికి వచ్చేసరికి కామేశ్వరిగారు పర్మినెంటు కాగితం మీద సంతకానికి పెన్ను అందించారు. 'ఆయన మా నాయిన' అనబోయి, సృజన జాడీ వైపు చూసి ఆగిపోయింది. ఆ మాటకూ పొంగితే? పెన్ను బల్లమీద పెట్టేసింది. తెల్లకోటు విప్పి మేకుకు తగిలించి, మేడ్చల్ బస్సెక్కింది.

మిల్లులో కుర్మయ్య ఒక్కడే తవుడు ఎత్తుతున్నాడు. సంచి మూతి పట్టేవాళ్ళు లేక సగం నేలపాలవుతోంది. సృజన వంగి, రెండు చేతులతో సంచి మూతి పట్టుకుంది. ఆయన తలెత్తకుండా తవుడు ఎత్తిపోస్తూనే ఉన్నాడు. ఆమె రెప్పల మీద తవుడు పేరుకుంటోంది.

"ఇంక జర ఎడల్పు పట్టు బిడ్డా," అన్నాడు చివరికి.

ఏ ఆడపిల్లనైనా అలాగే పిలుస్తాడు ఆయన. సృజన ఇంకాస్త వెడల్పుగా పట్టింది.