దిగని డికాక్షన్

కుంభకోణంలో తైయల్‌నాయకి తండ్రి పెట్టిన కాఫీ ఫిల్టర్ల కంపెనీ ముప్పై ఏళ్లు ఇత్తడి తప్ప మరో లోహం ముట్టలేదు. ఆయన పోయాక, జనం స్టీలు అడుగుతున్నారని ఆమే స్టీలు ఫిల్టర్లు మొదలుపెట్టింది. మొదటి పాతిక తంజావూరు కొట్టుకు పంపిన మర్నాడు పొద్దున్నే, ఇంట్లో అలాంటిదే ఒకటి వాడి చూసింది. గంటైనా కింది గిన్నెలోకి నాలుగు చుక్కలే దిగాయి.

"స్టీలు గట్టిది కదమ్మా, చిల్లులు సన్నబడ్డాయి. ఎవరూ అడగరులే," అన్నాడు మేస్త్రీ గోవిందసామి.

"అడక్కపోతే మరీ ఘోరం. మూత మీద కొట్టింది మా నాన్న పేరు!" అంటూ ఆమె బస్సెక్కింది. దారి పొడుగునా కుదురుగా కూర్చోలేకపోయింది.

కొట్లో పంతొమ్మిది దొరికాయి. మిగిలిన ఆరూ కొన్నది వాడుక మనుషులేనని కొట్టతను ఇళ్లు చెప్పాడు. ఎండలో తిరిగి ఐదు వెనక్కి తీసుకుంది. ఆరోది కొన్న ముసలమ్మ కుంజమ్మాళ్ మాత్రం ఇవ్వనంది.

"మెల్లగా దిగితే ఏం? నన్నెవరు తరుముతున్నారు? కూర్చో, నీకూ ఇస్తా."

తైయల్‌నాయకి కూర్చుంది, లేచింది, గుమ్మం దాకా వెళ్లొచ్చింది. ఎట్టకేలకు అరగ్లాసు కాఫీ చేతికొచ్చింది.

"బాగుందా?"

"చాలా బాగుంది అవ్వా. అయినా ఇచ్చెయ్యి. మంచిది నేనే తెస్తాను."

"నీకు కాలు నిలవదే తల్లీ!" అని నవ్వి, ముసలమ్మ ఫిల్టరు కడిగి ఇచ్చింది.

స్టీలుకు చిల్లులు పొడిచే కొత్త అచ్చు కుదిరేదాకా, పదకొండు రోజులు, కంపెనీ నుంచి ఒక్క ఫిల్టరూ బయటికి పోలేదు. తైయల్‌నాయకికి కంటిమీద కునుకూ లేదు.