పద్నాలుగు చూపించిన మిషన్

పిల్ల ఊదిన చేతి మిషన్ మీద అంకె పద్నాలుగు. ఇరవై లోపుంటే ఊపిరి గొట్టాల్లో వాపు లేనట్టే. డాక్టరు కలం తీశాడు. "బాగుంది. ఇవాళ్టి నుంచి ఉబ్బసం స్ప్రే ఆపేద్దాం."

పదిహేనేళ్ల చేప మొహం వెలిగిపోయింది. ఎప్పుడూ ఈతకొలనులోనే ఉంటుందని ఇంట్లో పెట్టిన పేరది. పరీక్ష చేసిన టెక్నీషియన్ దానికి సొంత పిన్ని.

"పీడా పోయింది పిన్నీ."

"ఇందాక మెట్లెక్కుతూ మూడుసార్లు ఆగిందెవరే?"

"బద్ధకం."

ఆ జవాబు పిన్నికి మింగుడుపడలేదు. "సార్, పైన పెద్ద మిషన్ మీద ఒక్కసారి చూద్దామా?"

"మీ తృప్తి కోసం. కానివ్వండి," అన్నాడు డాక్టరు.

పెద్ద మిషన్ దగ్గరుండే ముసలాయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. చేప బుగ్గలు పూరించగానే ఆపేశాడు.

"ఇల్లు కూల్చేస్తావా ఏంటి తల్లీ? మెల్లగా. వేడి పాలు చల్లార్చినట్టు."

చేప మెల్లగా ఊదింది. అరవై రెండు.

పక్కనే ఉన్న పిన్ని వంగి ఆ అంకె మళ్లీ చదివింది.

"కింద ఎలా ఊదావమ్మా?" అడిగాడు మాస్టారు.

"గట్టిగా. పిన్ని 'ఇంకా గట్టిగా, శభాష్' అంది."

ఎనిమిదేళ్లు పిన్ని వేరే గదిలో ఊపిరి బలం కొలిచింది. అక్కడ అందరికీ చెప్పాల్సిన మాట అదే. కింద చేతి మిషన్ గదికి మారి నెలైంది. మాట మాత్రం మారలేదు.

"గట్టిగా ఊదితే వాపు తాలూకు గ్యాస్ పలచబడి అంకె పడిపోతుంది," అన్నాడు మాస్టారు. "అలా ఊదితే మీ మిషన్ కూత పెట్టాలే?"

"పెట్టేది. పిల్లలు నవ్వి మధ్యలో ఆపేస్తున్నారని నేనే ఆ కూత తీసేశాను."

మాస్టారు అరవై రెండు అని చీటీ మీద రాసి ఆమె చేతిలో పెట్టాడు.

పిన్ని ఒక్క పరుగున కిందికొచ్చి జరిగిందంతా చెప్పింది. డాక్టరు చీటీలో రాసింది కొట్టేశాడు. చేప స్ప్రే చేప చేతికే తిరిగొచ్చింది. ఆయన రిజిస్టరు ఆమె ముందుకు జరిపాడు.

"ఈ నెలలో ఇంకెంతమంది?"

ఆమె రిజిస్టరు తిప్పింది. "ముప్పై ఒక్క మంది పిల్లలు. అందులో పందొమ్మిది మందికి స్ప్రే ఆపేశారు సార్."

"ఆపేశాం," అన్నాడు డాక్టరు.

పిన్ని మొదటి నంబరు నొక్కింది. ఒక తల్లి హుషారుగా పలికింది.

"మావాడాండీ? స్ప్రే మానేశాక పట్టపగ్గాల్లేవు. పరుగుపందెం ఉందని ఇప్పుడే వెళ్లాడు."

"గ్రౌండు ఎక్కడమ్మా?" అంటూనే పిన్ని లేచి, చెప్పుల్లో కాళ్లు దూర్చింది.