ఫోటో మూడింటికి

నూకాలమ్మ మూడోసారి కుళాయి కింద తల పెట్టింది. నురగ పోయింది. ఆకుపచ్చ పోలేదు.

టైం పదకొండు. మూడింటికి ఉక్కు ప్లాంటు గేటు దగ్గర కొత్త పాసుకు ఫోటో. ముసలివాళ్లుగా కనిపించే వాళ్లను ఈసారి తీసేస్తారని క్యాంప్ వన్ బస్తీ అంతా పుకారు. కాంట్రాక్టరు కింద ఇరవై రెండేళ్లుగా మిల్లు ఊడుస్తోంది ఆమె. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నది ఆ పాసొక్కటే.

భర్త చేసిన ఇనుప మూకుడులో నెలనెలా చవక గోరింటాకు పొడి నానబెట్టి పెట్టుకునేది. జుట్టు ఇటుక రంగుకు తిరిగింది. కాంట్రాక్టరు దగ్గర హాజరు రాసే మున్షీ ఆమెను ‘లాల్ బుఢియా’, ఎర్ర ముసలిది, అనేవాడు. ఆ ఎరుపు వదిలించాలని నిన్న ముఖానికి రాసే బ్లీచు తలకు పట్టించింది. దానిమీద నల్లరంగు. ప్యాకెట్టు నడినెత్తికే చాలింది. చెవుల దగ్గర తెలుపు, నెత్తిన నలుపు, జడంతా పాచిలాంటి ఆకుపచ్చ.

సందు చివర డోర్కాస్ పార్లరు. ఒకటే కుర్చీ.

“ఏటప్పా, తలమీద పాచి మొలిచిందేటి?”

“తరవాత నవ్వుదువులే చెల్లీ. మూడింటికల్లా నల్లగా చేసీ.”

డోర్కాస్ చిన్న జుట్టు పాయ కత్తిరించి, గాజు గ్లాసులో జుట్టు రంగులో కలిపే పెరాక్సైడు పోసి అందులో వేసింది. బుడగలు లేచాయి.

“గ్లాసు ముట్టుకో.”

నూకాలమ్మ చటుక్కున చెయ్యి తీసేసింది.

“కాలిందా? నీ ఇనుప మూకుడు తప్పు కాదు. ఆ చవక గోరింటాకు పొడిలో ఏదో లోహం కలిపేరు. ఇప్పుడు నేను రంగు మందు పెడితే నీ తలమీదే ఇలా కాగుతాది. జుట్టు పీచైపోయి చేతికొస్తాది. నేను పెట్టను.”

“నల్లగా లేకపోతే పని పోద్ది.”

“పెట్టేవాళ్లు బజార్లో బోలెడుమంది. ఎళ్లు.”

నూకాలమ్మ కదల్లేదు. అద్దంలోకి చూసింది. ఎండాకాలంలో ఎర్రటి ఇనుము పక్కన ఊడ్చిన ముఖం. నుదుటిమీద హెల్మెట్ పట్టీ ఒరిసిన గీత. ఎన్నిసార్లు కడిగినా పోని గీత.

“ఈ తలమీద ఎప్పుడూ హెల్మెటే ఉంటాది. దానికింద రంగు ఎవడికి కావాల? కత్తిరించీ.”

“ఎంత?”

“పచ్చదంతా.”

జడ నేలమీద పడింది. రెండు వేళ్ల పొడవు మిగిలింది. మండుతున్న నెత్తికి డోర్కాస్ కొబ్బరినూనె రాసింది.

“ఆర్నెల్లు ఏ పొడీ ముట్టుకోకు. తరవాత ఉత్త గోరింటాకు రుబ్బి నేనే పెడతాను.”

“ఎర్రగా వస్తాదా?”

“నిప్పులా.”

“అయితే పాసు తెచ్చి నీ అద్దానికే పెడతాను. అందులో నా బోడి మొహం చూస్తూ రుబ్బు.”

గేటు దగ్గర వరసలో చివరిదాకా తలమీద చున్నీ ఉంచుకుంది. కెమెరా ముందు తీసేసింది. కెమెరా పక్కనున్న మున్షీ నవ్వుతూ జుట్టేమైందని, వయసెంతని అడిగాడు.

“అరే లాల్ బుఢియా, బాల్ కహాఁ గయే? ఉమర్ కిత్నీ హై?”

“యాభై ఏడు. కార్డులో రాసుంది, జుట్టులో కాదు. నాకన్నా బాగా ఊడ్చేవాడుంటే తీసుకురా సాబ్. ఇక్కడే పందెం.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నూకాలమ్మతోపాటే పనిచేసే భాగ్యరేఖ తన చున్నీ కూడా తీసేసింది. కింద తల ముగ్గుబుట్ట. ఆమె వెనక మరొకామె తీసింది. ఆ వెనక ఇంకొకామె. మున్షీ వరస చివరిదాకా చూశాడు. అందరినీ తీసేస్తే రేపు మిల్లు ఊడ్చేది ఎవరు?

“సీధా దేఖో,” అన్నాడు విసుగ్గా, కెమెరా వైపు చెయ్యి చూపిస్తూ.

నూకాలమ్మ గడ్డం ఎత్తింది.

ఆ తరవాతి సోమవారం తెల్లవారాక కుళాయికి నీళ్లు వచ్చాయి. ఆమె బకెట్ కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. బకెట్ నిండి పొర్లిపోతుంటే పక్కింటావిడ తిట్టడానికి వచ్చింది. అప్పటికే నూకాలమ్మ ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు.

బుధవారం పాసులు ఇచ్చారు. నూకాలమ్మది భాగ్యరేఖ తీసుకుని, వరసలో ఆమె చెప్పిన మాట ప్రకారం తిన్నగా పార్లరుకు తెచ్చింది. డోర్కాస్ దాన్ని అద్దం చట్రంలో గుచ్చింది. ఫోటోలో ఎత్తిన గడ్డం, మెడ పక్కన కత్తెరకు దొరకని ఒక్క పచ్చటి పోగు, కింద ముద్ర: డిసెంబరు ముప్పై ఒకటి వరకు చెల్లును.