తీసేసిన అరగంటలు

శుక్రవారం మధ్యాహ్నంలోగా చేయాల్సినవి: గ్యారేజీ ముందు మంచు ఎత్తిపోయాలి, పాప లంచ్ డబ్బా సర్దాలి, అత్తగారిని కంటి డాక్టరు దగ్గర దింపాలి, మా ఆయన గారెట్ నీలం చొక్కా ఇస్త్రీ చేయాలి, అతని సెమినార్‌కి శాండ్‌విచ్‌లు తెప్పించాలి. ఇవి నాకెవరూ చెప్పినవి కావు. చెప్పే అవసరం ఎప్పుడో పోయింది.

మా నాన్న షికాగోలో సిటీ బస్సు నడిపేవాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. గారెట్‌కీ నాకూ డాక్టరేట్ ఒకే ఏడాది వచ్చింది. యూనివర్సిటీ అతనికి ప్రొఫెసర్ ఉద్యోగం ఇచ్చింది, నాకు అతని దగ్గర సహాయకురాలి ఉద్యోగం ఇచ్చింది. "ఇద్దరూ ఒకే కారులో వెళ్లి రావచ్చు, ఎంత అదృష్టమే అమ్మాయ్!" అంది అత్తగారు. కారు నడిపేది నేనే.

మా పని షేర్ల ధరలను క్షణక్షణానికీ చూడడం. ధర ఎప్పుడూ కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఏదో వార్త వస్తే ఒక్కసారిగా గెంతుతుంది. మొత్తం ఒడిదుడుకుల్లో ఊగులాట ఎంత, గెంతు ఎంత అని విడదీయడమే మా లెక్క. గెంతులు లేవని నమ్మితే, పింఛను నిధులు చూసేవాళ్లు కష్టకాలానికి తక్కువ దాచిపెడతారు. మా నాన్న పింఛనూ అలాంటి నిధిలోదే. గెంతులు దాదాపు లేవని గారెట్ వ్యాసం చెబుతోంది. అతని ఉద్యోగం పర్మనెంటు కావడం ఆ వ్యాసం మీదే ఆధారపడి ఉంది.

లెక్కకు ముందు యంత్రాల తప్పుల వల్ల వచ్చిన ధరలను ఏరెయ్యాలి. గారెట్ పెట్టిన నియమం సులువు: అంతకుముందు ధరలకు మరీ దూరంగా ఒక ధర కనిపిస్తే ఆ అరగంట మొత్తం తీసెయ్యడమే. ఏరేది నేను. నాకు ముందు ఒడెట్ మార్షాండ్ ఏరేది. చంటిపిల్ల తల్లి. ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్లిపోయే రోజు నా బల్ల దగ్గర ఆగి, "ఆ తీసేసిన అరగంటలు ఒకసారి చూడు లోర్నా. నేను చెబితే మీ ఆయన, నిద్ర చాలక అలా కనిపిస్తోంది నీకు అన్నాడు" అంది.

చూశాను. తప్పు ధర అయితే మరుక్షణం పాత చోటికి వచ్చేస్తుంది. ఇవి రాలేదు. గెంతిన చోటే నిలబడ్డాయి. ఎక్కువ భాగం వడ్డీ రేట్లు ప్రకటించిన నిమిషాలే. గెంతులన్నీ మేమే తీసి పారేసి, గెంతులు లేవంటున్నాం.

గిన్నెలు తోముతూ గారెట్‌కి చెప్పాను. "నువ్వు మరీ దగ్గర్నించి చూస్తావు బంగారం. కాస్త దూరం జరుగు, ఏ గొడవా ఉండదు" అన్నాడు. "అయినా వ్యాసం మొదటి పేజీ అడుగున నీకు కృతజ్ఞతలు చెప్పాగా? నీ ఓపిక గురించి కూడా రాశా. నాకు పర్మనెంటైతే నీకైనట్టే కదా!" నేను ఏడ్చిన రోజులకు అతని దగ్గర ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. అలసట, హార్మోన్లు, మా పుట్టింటివాళ్ల పెద్ద గొంతు. అవన్నీ పోగా మిగిలినదాన్ని చూపించి మా కాపురం సాఫీగా ఉందంటాడు. ఇన్నేళ్లూ నేనూ ఆ మాటే అందరికీ చెప్పాను.

శుక్రవారం సెమినార్‌లో గారెట్ ఆ వ్యాసం వినిపించాక ముందు వరస పెద్దాయన అడిగాడు, "ధరలు ఏరింది ఎవరు?"

"మా ఆవిడ. ఇంట్లో నలుసుంటేనే ఊరుకోదు, ధరల్లో ఉంటే ఊరుకుంటుందా?" అన్నాడు గారెట్. అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు. లేచి నిలబడ్డాను.

"నేను తీసేసినవి తప్పులు కావు, గెంతులు. వాటిని తిరిగి కలిపి లెక్క కట్టాను. ఈ వ్యాసం నిలవదు."

గారెట్ మెల్లగా, "ఇంటికెళ్లాక మాట్లాడదాం లోర్నా" అన్నాడు.

"ఇక్కడే మాట్లాడదాం" అన్నాను.

తర్వాత చాలామంది నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. ఇది చదివి మీరూ మెచ్చుకోవచ్చు. అయితే ఈ తప్పును మొదట చూసింది నేను కాదు, ఒడెట్ మార్షాండ్. రాత్రంతా చంటిపిల్లను ఎత్తుకుని తిరిగి, పొద్దున్నే వచ్చి కూర్చుని కూడా, సరిగ్గానే చూసింది. దయచేసి ఆమెను గుర్తుంచుకోండి.