పలకమీది బరువు

వైశాఖమాసపు మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన ఉద్దానసీమ యిసుకనేల పెనమువలె కాలుచుండ, సముద్రమునుండి రావలసిన గాలియు రాక, నిరుడు నాటిన జీడిమామిడి మొక్కలు తలలు వాల్చి నీటికొఱకు వేచియుండెను. వానికి నీరు తోలు చిన్న ట్రాక్టరు వెనుక తగిలించిన నీళ్లబండితో నిసుకదిబ్బ నెక్కజాలక, వెనుకచక్రములు ఊరక తిరుగుచు దుమ్మెగజిమ్ముచుండ, నడుమనే నిలిచిపోయెను.

అట్టి సమయమున ట్రాక్టరు వెనుకనున్న యినుపపలకపై మనుష్యులను నిలువబెట్టి చక్రములకు బరువు గూర్చుట యా తోటలో నాచారము. ఎడ్లకాలమున దున్నిన నేలపై లాగు గుంటకమీద బరువుకొఱకు మనిషి నిలుచుట చూచిన కామందు వల్లభనాయుడు, ఎడ్లు పోయి యంత్రము వచ్చినను ఆ బుద్ధి మార్చుకొనలేదు. చిన్ననాటినుండియు స్థూలకాయురాలగు గున్నమ్మ పదియవయేట గుంటక నెక్కినది మొదలు ముప్పదియేండ్లుగా ఆతనికి బరువేకాని మనిషి కాదు. మొన్న నామె ప్రక్కన నిలిచిన తమ్ముని భార్య దాలమ్మ పలకమీదినుండి జారిపడగా, నీళ్లబండి చక్రము పాదముమీదుగా పోయి కాలివ్రేళ్లు రెండు నుజ్జయ్యెను. నేటి యుదయమున నా కాలికి కట్టు మార్చి పనికి వచ్చిన గున్నమ్మకు కడుపు మండిపోవుచుండెను.

"ఏటి సూస్తన్నావు గున్నమ్మా, ఎక్కీ! నీయంత బరువు ఇంకెవులికుంది?" అని కామందు నవ్వెను. కూలివారును అలవాటుచొప్పున నవ్విరి.

గున్నమ్మకు ఒళ్లు భగ్గుమనెను. "నానెక్కను బాబూ! బరువే కావాలంటే కాళ్ల కింద ఇసక లేదా?" అని యఱచి, పాకప్రక్కన పడియున్న ఖాళీ యినుపపీపాను దొర్లించుకొని వచ్చి, పలకపై నిలిపి, ట్రాక్టరు నడుపు లోకనాథముచేత గొలుసుతో బిగియగట్టించి, పారతో నిసుక నెత్తి పోయసాగెను. పార యెత్తినప్పుడెల్ల దాలమ్మ పెట్టిన కేక యామె చెవులలో మ్రోగుచుండెను. పీపా ముప్పాతిక నిండినంత లోకనాథము బండిని కదిలించెను. చక్రములు నేలను పట్టుకొని దిబ్బపైకి రెండుబారలు సాగి, కొస చేరకమున్నే కొంచెము జారెను.

"బరువింకా సాలదు. పీపా మీద నువ్వు కూకో," అనెను కామందు.

గున్నమ్మ పారను ఇసుకలో గ్రుచ్చి యాతనివంక తిన్నగా చూచెను. "మీరే కూకోండి బాబూ! మీ అయ్య కాలం నుంచీ మా మీద కూకున్నోరే గదా!"

ఈమాఱెవ్వరును నవ్వలేదు. లోకనాథము యంత్రము నాపి క్రిందికి దిగి గున్నమ్మ ప్రక్కకు వచ్చి చేతులు కట్టుకొని నిలిచెను. కామందు మొగము జేవురించెను. తిట్టుటకు నోరు తెఱచి, కూలివారి చూపులు గమనించి, "పొయ్యండి ఇసక," అని గొణిగి పాకనీడకు పోయెను.

పీపా యంచుదాక నిండిన పిమ్మట ట్రాక్టరు జారక దిబ్బ నెక్కెను. మొక్కల మొదళ్లలో నీరింకుచుండుట చూచినను గున్నమ్మ కోపము చల్లారలేదు. దాలమ్మ వ్రేళ్లను కాపాడగలిగిన యా యిసుక ముప్పదియేండ్లుగా అందఱి పాదములక్రిందనే పడియుండెను.