మూడో డబ్బా

"కాఫీలు మూడు. ఒకదాంట్లో చక్కెర వద్దు," అని తలుపు సందులోంచి చెప్పి వెళ్ళిపోయాడు వంశీ. నిరోష ముందు లాప్‌టాప్ తెరిచి ఉంది, చెవులకు హెడ్‌సెట్ ఉంది. అవి మొగుడికి కనపడక కాదు. అయినా ఆమె తల ఊపింది. ఊపాక గానీ ఊపినట్టు తెలియలేదు. పన్నెండేళ్ళ కాపురంలో మెడ దానంతటదే ఊగడం నేర్చుకుంది.

గంట పన్నెండున్నర. రెండుకల్లా సర్వే పట్టిక ఆమె పై అధికారి సురేంద్రబాబుకు చేరాలి. ఆయన నెల్లూరు ఆఫీసులో ఉంటాడు, ఈమె ఆత్మకూరులో, ఇంటి వెనక గదిలో.

"ఏందమ్మే, పొద్దస్తమానం ముగ్గేస్తా ఉండావు?" అని అత్త పెంచలమ్మ ఒకసారి తెర వైపు వంగి చూసి అడిగింది. నిజంగానే ముగ్గులా ఉంటుంది. తెర నిండా చిన్న చిన్న డబ్బాలు, వాటిని కలుపుతూ గీతలు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా ఊరూరా తిరిగి ఫ్లోరైడ్ నీళ్ళ సర్వే చేసినవాళ్ళు పంపిన పట్టికల్ని ఒక చివర పోస్తే, ఒక్కో డబ్బా తన పని తాను చేసి అవతలికి తోస్తుంది. మొదటిది అన్ని మండలాల పట్టికల్నీ కలుపుతుంది. రెండోది, వరికుంటపాడు పేరు ఆరు రకాలుగా రాసి ఉంటే ఒకటి చేస్తుంది. మూడోది ఖాళీలున్న అరకొర వరసల్ని ఏరి పారేస్తుంది. ఆఖరిది ఏ ఊళ్ళో ఎందరికి మోకాళ్ళ నొప్పులో లెక్క తేలుస్తుంది. లెక్క వంద దాటిన ఊళ్ళకే నీళ్ళ పరీక్ష, డాక్టర్ల శిబిరం.

పంపేముందు ఊరికే చూద్దామని అత్త పుట్టిన ఊరు వెతికింది. వరికుంటపాడు దగ్గర పల్లె అది. మోకాళ్ళ నొప్పులు: పదకొండు.

పదకొండా? ఆ ఊరి బోరు నీళ్ళు తాగి, బిందెలు మోసిన ఏ ఆడమనిషి తిన్నగా నడవగా తాను చూసింది? వరసల్ని ఆడ, మగ విడదీసి చూసింది. మగవాళ్ళు రెండువందల పద్నాలుగు. ఆడవాళ్ళు తొమ్మిది. తొమ్మిదిమంది ఆడవాళ్ళతో ఊరుంటుందా ఎక్కడన్నా? మూడో డబ్బా తెరిచి, అది పారేసిన వరసల్ని బయటికి తీసింది. పేరు, వయసు, నొప్పి అన్నీ ఉన్నాయి. పని దగ్గర మాత్రం 'ఏమీ లేదు'. కింద ఇంకొకతె, 'ఏమీ లేదు'. ఇంకా కిందికి, ఇంకా కిందికి, అదే.

సర్వే మనిషి గడపలో నిలబడి అడిగితే ఇంటి మగాళ్ళు చెప్పిన జవాబది. పని 'ఏమీ లేదు' అంటే ఖాళీ అనీ, ఖాళీ ఉన్న వరస పనికిరాదనీ నియమం పెట్టిందెవరు? తనే. ఎవరూ పెట్టమనలేదు. "నీట్‌గా చేసినావమ్మా," అని సురేంద్రబాబు మెచ్చుకుంటే రెండు రోజులు పొంగిపోయింది కూడా.

ఆత్మకూరు వరసల్లో తన వీధి కనిపించింది. పెంచలమ్మ, అరవై మూడు, నొప్పి ఉంది, పని ఏమీ లేదు. నిరోష, ముప్పై నాలుగు, పని ఏమీ లేదు. జవాబు చెప్పినవారు: వంశీ.

ఆ రోజు గుర్తుంది. ఈ గదిలోనే ఆఫీసు కాల్‌లో ఉంది. "ఇద్దురు ఆడోళ్ళు సార్. పనేముండాది, ఇంట్లోనే పడుంటారు," అని వాకిట్లోంచి వంశీ గొంతు. ఆ మాట ఆఫీసువాళ్ళ చెవిన పడకూడదని గబుక్కున మైకు ఆపింది తను. ఆ వారంలోనే ఆ నియమం పెట్టింది.

ఫోను చేసింది. సురేంద్రబాబు అంతా విని నిట్టూర్చాడు.

"ఇప్పుడేందమ్మా? ఊళ్ళ పేర్లు నిన్ననే పైవాళ్ళకి చెప్పేసినాను. మన ఇద్దరికి తప్ప ఎవరికి తెలస్తాది? గమ్మున పంపెయ్."

"సగం మంది పోయినారు సార్. సరిచేసి, తప్పు నాదని రాస్తాను."

"రాస్తే ఇంకో ప్రాజెక్టులో నీ పేరుండదు. నీ ఇష్టం."

ఫోను పెట్టేశాడు. ఈ ఉద్యోగం పోతే జీతం ఒక్కటే పోదు. మూసుకోవడానికి ఈ తలుపు కూడా ఉండదు. "చూసినావా, నేను అప్పుడే జెప్పినాను," అని వంశీ అనబోయే మాట చెవిలో ఇప్పుడే మోగుతోంది.

"కాఫీ ఏమైందే?" హాల్లోంచి కేక. కలిగిరి నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు మాటలాపి ఎదురుచూస్తున్నారు. కోడలు లేవదని, పెంచలమ్మ గోడ పట్టుకుని వంటింటి వైపు కదిలింది. ఒక్కో అడుక్కీ ఆమె నోట్లోంచి వచ్చే "అబ్బా" ఈ ఇంట్లో గోడగడియారం చప్పుడులా అలవాటైపోయిన శబ్దం. నిరోషకు ఇవాళ అది వినపడింది.

మూడో డబ్బాలో నియమం తీసేసి, మళ్ళీ నడిపించింది. పని ముగించిన డబ్బాలు ఒకటొకటిగా పచ్చబడ్డాయి. అత్త ఊరి దగ్గర పదకొండు పోయి నూట నలభై ఎనిమిది వచ్చింది. 'నియమం తప్పు. పెట్టింది నేనే,' అని రాసి, పైవాళ్ళకు కూడా కలిపి పంపింది.

ఇంకా తనదీ అత్తదీ ఆ రెండు వరసల్లో 'ఏమీ లేదు' అలాగే ఉంది. కొట్టేసి ఏదైనా రాసుకోవచ్చు, క్షణం పని. కానీ జవాబుల్ని ఆఫీసులో కూర్చుని మార్చకూడదు, మనిషిని మళ్ళీ అడగాలి. లాప్‌టాప్ ఎత్తుకుని హాల్లోకి వచ్చింది.

"కాఫీ ఏదే?" అన్నాడు వంశీ.

"వస్తాది. ముందర సర్వే పని ఉండాది." వంటింటి గుమ్మంలో ఆగిన పెంచలమ్మ వైపు తిరిగింది. "అత్తా, దినామూ నువ్వేం పని చేస్తావు?"

వంశీ వచ్చినవాళ్ళని చూసి నవ్వాడు. "మూడు నెలల కిందటే జెప్పినాను గదా, ఏమీ..."

"మీరు జెప్పింది ఇందులో ఉండాది," అంది నిరోష. "అడిగింది అత్తని."

పెంచలమ్మ కొడుకుని చూసింది, కోడలి చేతిలోని తెరని చూసింది. గుమ్మానికి ఆనుకుని మెల్లిగా కింద కూర్చుంది.

"పొద్దున ఎన్ని గంటల కాడ్నించి చెప్పాల్నమ్మే?" అంది.